పెళ్ళిపందిరి మీద హెలికాప్టరు

ఆకాశంలోంచి మనుషుల్ని చూసే సదుపాయం దేవుడికీ, కాకులకీ తప్ప ఇంకెవరికీ లేని రోజులవి. ఇప్పుడు మా కోనసీమలో ఓణీల ఫంక్షనుకి కూడా డ్రోను వస్తోంది. తూనీగలా జుయ్యిమంటూ పైకి లేస్తుంది, పందిరి చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తుంది, కొబ్బరితోటల్నీ కాలవనీ ఒక్క చూపులో చూపించేసి బుద్ధిగా వచ్చి అరచేతిలో వాలుతుంది. పెళ్ళికొచ్చినవాళ్ళు తలెత్తి కూడా చూడరు. పప్పులో నెయ్యి పడిందా లేదా అన్నదే చూసుకుంటారు. కానీ రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతాల్లో సంగతి వేరు. అప్పట్లో పెళ్ళిని పైనుంచి తియ్యడమంటే బల్ల మీద స్టూలు, స్టూలు మీద నేను, కింద స్టూలు కాళ్ళు పట్టుకుని మా బాబాయి. అంతకంటే ఎత్తు కావాలంటే పెళ్ళివారి డాబా మీది నీళ్ళ ట్యాంకు. (ఆ ట్యాంకు మూతలు ఎంత బలహీనంగా ఉంటాయో నా కుడి మోకాలికి బాగా తెలుసు.)

బాబాయి అంటే మా నాన్నకి వేలువిడిచిన తమ్ముడు. అమలాపురంలో ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. డిగ్రీలో ఒకే ఒక్క పేపరు నా మీద పగబట్టి ఎన్నిసార్లు రాసినా పాసవనివ్వకపోవడంతో, ఇరవైనాలుగేళ్ళ వయసులో నేను ఆయన దగ్గర మిక్సింగు పనికి కుదిరాను. మిక్సింగంటే పెళ్ళి వీడియోకి హంగులు చేర్చడం. గులాబీ విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికూతురు రావాలి, తామరాకు మీద నీటిబొట్టు దొర్లితే అందులో పెళ్ళికొడుకు కనిపించాలి. ఈ విద్యలో నాకు నేనే సాటి అని నా నమ్మకం. (ఒకసారి చెయ్యి జారి పెళ్ళికొడుకు మేనమామని, పెళ్ళికూతురి పిన్నిని ఒకే హృదయం బొమ్మలో పెట్టేశాను. ఆ రెండు కుటుంబాలూ ఆ తరవాత మాట్లాడుకోలేదని విన్నాను.) అంతా సవ్యంగా సాగుతున్న కాలంలో అవతలి వీధిలోని మరో స్టూడియోవాళ్ళు రాజమండ్రి నుంచి క్రేను తెప్పించారు. పొడుగాటి ఇనప చెయ్యి, దాని చివర కెమెరా. అది పందిట్లో ఒక చివర్నించి ఇంకో చివరికి కొంగమెడలా ఊగుతుంటే జనం తాళి కట్టడం చూడకుండా దాన్నే చూశారట. ఆ వార్త వచ్చిన రోజున బాబాయి మధ్యాహ్నం భోజనం సగంలో లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. "ఇంక మన స్టూలు పనైపోయిందిరా," అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా అక్క మొగుడు, అంటే పెద్దబావ, మస్కట్ నుంచి సెలవుకి వచ్చాడు. ఆయన తెచ్చిన అట్టపెట్టెల్లో సెంట్లూ, దుప్పట్లూ, పాలపొడీ పోగా ఒకదాంట్లో హెలికాప్టరు ఉంది. రిమోటుతో నడిచేది. మా వంటింటి రోకలంత పొడుగు, పైన రెండు రెక్కలు, తోక చివర ఇంకో బుల్లి రెక్క. "మావాడు ఆడుకుంటాడని తెచ్చేను," అన్నాడు బావ. మావాడంటే ఆయన కొడుకు. వాడికప్పటికి పద్నాలుగు నెలలు. వాడు పాక్కుంటూ దాని దగ్గరకెళితే బావ వాణ్ణి చంక కింద పట్టుకుని తీసుకెళ్ళి మా అక్కకి అప్పగించేసేవాడు. ఆ హెలికాప్టరు మా పెరట్లో నేలకి జానెడు ఎత్తున నిలబడి గాలి కొడుతుంటే, ఆరేసిన వడియాలన్నీ ఎగిరి గోడవారకి పోయాయి. అమ్మ కేకలేస్తూనే ఉంది. నాకవేవీ వినిపించడం లేదు. దాని పొట్ట కిందికి చూస్తున్నాను. స్టూడియోలో అరచేతిలో పట్టే చిన్న డిజిటల్ కెమెరా ఒకటుంది. అది ఆ పొట్ట కింద సరిగ్గా పడుతుంది.

పదిరోజులు సాధన చేశాం. దాళ్వా కోతలైపోయిన చేలల్లో పొద్దున్నే బావా నేనూ వెళ్ళేవాళ్ళం. మొదటిరోజు అది ఎగిరి కాలవగట్టు మీది తుమ్మచెట్టులో దూరింది. రెండోరోజు ఒక గేదె వెంట పడింది (గేదె మాత్రం ఒక్కసారి చెవి ఆడించి మేత మేసుకుంది). ఆరోరోజుకి బావ దాన్ని లేపి, నిలబెట్టి, మెల్లగా దింపడం నేర్చేసుకున్నాడు. నేనూ ఓ మాదిరిగా నేర్చుకున్నాను. కెమెరాని రబ్బరు బ్యాండ్లతోనూ, నల్ల టేపుతోనూ కట్టి లేపితే మా చేలూ, గట్టూ, గట్టు మీద నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ మేమిద్దరమూ చీమల్లా కనిపించాం. ఆ బొమ్మని స్టూడియో కంప్యూటరులో చూసి బాబాయి కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "క్రేనుగాళ్ళు కుళ్ళి చావాలి," అన్నాడు. ఆయన నోట అంత మాట నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి మా చేతిలో ఉన్న పెద్ద పెళ్ళి రాజోలు అవతల ఒక పల్లెలో, ప్రెసిడెంటుగారి అమ్మాయిది. ఆయన్ని ఊరంతా ప్రెసిడెంటుగారనే పిలుస్తారు కానీ నిలబడ్డ రెండుసార్లూ ఓడిపోయారు. వరీ, కొబ్బరీ ఉన్న మనిషి. నిదానస్థుడు. ఆయన ముందు నేను చేతులు కట్టుకుని నిలబడి హెలికాప్టరు సంగతి చెప్పాను.

"పైనించంటే ఎంత పైనించబ్బాయ్?"

"కొబ్బరిచెట్ల పైనించండి."

"మా తోటంతా కనపడుద్దా?"

"ఆయ్, తోటేంటండీ, గోదారి కూడా కనపడుద్దండి."

పక్కన మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న ఆయన తల్లి, ఊరందరికీ మామ్మగారు, తల ఎత్తకుండానే అడిగారు. "అది కింద పడితేనో?"

"పడదండి మామ్మగారూ," అన్నాను నేను. ఇరవైనాలుగేళ్ళవాడు చెప్పగలిగినంత గట్టిగా చెప్పాను.

వైశాఖంలో పగటి ముహూర్తం. పొద్దున్న తొమ్మిదింటికి కొత్తపేట వైపునుంచి మగపెళ్ళివారి బస్సు దిగింది. ఇంటి ముందున్న కొబ్బరితోటలోనే పెద్ద పందిరి, దాని పక్కన టిఫిన్లకి షామియానా. తోట చివర, షామియానా అంచున ఉన్న చెట్టు మీద ఉడతగారు మగపెళ్ళివారి కోసం బొండాలు దింపుతున్నారు. ఉడత అన్నది ఆయన అసలు పేరు కాదు. చెట్లెక్కే తీరుని బట్టి ఎవరో పెట్టిన పేరు. మా వైపు మర్యాద ఎలాంటిదంటే ముద్దుపేరుకి కూడా గారు తగిలిస్తాం. యాభై ఏళ్ళ మనిషి, ఎండుచేపలా ఉంటారు, నడుంకి మోకు, కాళ్ళకి బంధం. గెల నరికి తాడుకి కట్టి దింపుతుంటే, కింద పిల్లలందరూ గుండ్రంగా మూగి బొండాల కోసం ఎదురు చూస్తున్నారు. ఇది నేను ఆ రోజు చూసీ చూడనట్టు చూసిన దృశ్యం. నా ధ్యాసంతా హెలికాప్టరు మీదే.

ఎదురుకోలు మొదలైంది. సన్నాయి ఊదుతున్నారు. బాబాయి కింద పెద్ద కెమెరాతో సిద్ధం. నేను బావ వైపు చూశాను. బావ జనాన్ని చూస్తున్నాడు. "ఒరేయ్, ఇంతమంది ఉంటారని చెప్పలేదేంటిరా," అన్నాడు. మస్కట్లో ఎడారిలో పనిచేసే మనిషికి జనాన్ని చూస్తే చెమటలు పట్టాయి. "నావల్ల కాదు. నువ్వు తిప్పు." నేను ఒక్కసారైనా కాదనాలి కదా. అనలేదు. ఆయన మాట పూర్తయ్యేలోపే రిమోటు నా చేతిలో ఉంది.

లేచింది. ఏం చెప్పమంటారు! మొదటి నిముషం నా జీవితంలోకెల్లా గొప్ప నిముషం. పందిరి మీదుగా లేచి, పెంకుటింటి కప్పు దాటి, ఎండలో తళుక్కుమంది. డోలు వాయించే ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. సన్నాయి ఒకే స్వరం మీద కాసేపు నిలబడి తుస్సుమంది. పెళ్ళికొడుకు మెడలో దండ సర్దుతున్న మామగారు దండ అతని చెవికి తగిలించి పైకి చూశారు. రెండు వందల మొహాలు ఒక్కసారి ఆకాశం వైపు తిరిగాయి. అవన్నీ నావైపు తిరిగినట్టే అనిపించింది నాకు. ఇంకా కొంచెం పైకి పంపాను. ఇంకొంచెం. గోదారి చూపిస్తానని మాటిచ్చాను కదా.

కొబ్బరి తలల పైకి వెళ్ళాక గాలి తగిలింది. మా చేలల్లో పొద్దున్నపూట ఉండే గాలి కాదది. గోదారి మీదినుంచి అడ్డం లేకుండా వచ్చే గాలి. హెలికాప్టరు ఒక్క ఊపు ఊగి గిర్రున తిరిగింది. దాని ముక్కెటో తోకెటో ఎండలో నాకు తెలియలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ బొమ్మ మనకి వీపు పెట్టి ఎగిరినంతసేపూ మన కుడే దాని కుడి. మొహం తిప్పిందంటే మన కుడి దాని ఎడమ. ఈ సంగతి బావకి తెలుసు. నాకూ చెప్పాడు. నేను తలూపాను కూడా. కానీ ఆ క్షణంలో నేను ఇవతలికి రమ్మని నొక్కినకొద్దీ అది అవతలికి పోతోంది. తోట చివరకి. బొండాల చెట్టు వైపుకి.

"కుడి! కుడి!" అని అరుస్తున్నాడు బావ.

"ఎవరి కుడి బావా?" అని అరిచాను నేను.

చెట్టు తలలో ఫట్‌మని చప్పుడు. తరవాత మట్టలు చీలుతున్న చప్పుడు. తరవాత ఒక కేక, మనిషిది. ఉడతగారు చెట్టుని వాటేసుకుని జరజరా కిందికి జారడం చూశాను. మోకు తెగి వేళ్ళాడుతోంది. సగం దాకా జారి, అక్కడ పట్టు వదిలేసి, వెల్లకిలా షామియానా మీద పడ్డారు. ఆ గుడ్డ ఒక్క క్షణం ఆయన్ని ఆపింది. తరవాత ఒక్కొక్క తాడే టపీటపీమని తెగుతూ, చాలా నెమ్మదిగా, ఆయన్ని తీసుకొచ్చి ఉప్మా గిన్నెల మధ్య దింపింది. టిఫిన్లు చేస్తున్న మగపెళ్ళివారు విస్తళ్ళు చేత్తో పట్టుకుని లేచి నిలబడిపోయారు. ఎవరూ అరవలేదు. నా బొటనవేళ్ళు మాత్రం ఇంకా ఆ రిమోటు మీటల్ని నొక్కుతూనే ఉన్నాయి.

ఆయన లేచి కూర్చున్నారు. గుండెల మీద చర్మం దోక్కుపోయింది. ఎడమ మణికట్టు వేలాడుతోంది. కుడిచేతి వేళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. "ఏం పర్లేదండీ, ఏం పర్లేదండీ," అంటున్నారు, పెళ్ళి పాడుచేసినందుకు క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి వెంటనే కదిలే బండి పెళ్ళికొడుకు కోసం పూలతో అలంకరించిన కారు ఒక్కటే. కనకాంబరాలూ, బంతిపూలూ ఊగుతూ, ముందు అద్దానికి బంగారు జరీ అట్టతో చేసిన హంసల జంటతో ఉడతగారు అమలాపురం బయల్దేరారు. "శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఈ తద్దినమేంట్రా," అని మామ్మగారు ఒక్కరే గొంతు విప్పారు.

జనం మాటలు మొదలయ్యాయి. పొద్దున్నే చుక్కేసుకుని ఎక్కుంటాడని ఎవరో అన్నారు. నిజమేనని ఇంకెవరో అన్నారు. ప్రెసిడెంటుగారు నా దగ్గరకొచ్చి, "ఏం జరిగిందబ్బాయ్?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "బెదిరిపోయారండీ. దాన్ని చూసి బెదిరిపోయి చెయ్యి వదిలేశారండీ." ఆయన తలూపి వెళ్ళిపోయారు. ముహూర్తం దగ్గర పడింది. పెళ్ళి జరిగింది. నేను మామూలుగా స్టూలెక్కి తలంబ్రాలు తీశాను.

హెలికాప్టరు చెట్టు మీదే ఉండిపోయింది. దాన్ని దింపగల మనిషి ఆస్పత్రిలో ఉన్నారు కనక మూడురోజుల పాటు అది మొవ్వులో, లేత మట్టల నడుమ, కాకిగూడులా కూర్చుంది. నాలుగోరోజు పక్కూరి నుంచి ఇంకొకాయన వచ్చి దింపారు. రెక్కలు విరిగాయి, తోక వంకరపోయింది. కెమెరాకి మాత్రం గీత పడలేదు. మధ్యాహ్నం బాబాయి భోజనానికి వెళ్ళిన సమయంలో, దాని కార్డు కంప్యూటరులో పెట్టి ఒక్కణ్ణే కూర్చుని చూశాను.

మొదటి నిముషం బ్రహ్మాండం. పందిరి, పెంకులు, మొహాలు. తరవాత పక్కింటి పెరడు. అక్కడ తడిక చాటున ఒక పెద్దావిడ పట్టుచీర కట్టుకుంటున్నారు. సగమే కట్టుకున్నారు. నేను గభాల్న చేత్తో తెర మూశాను, గదిలో ఎవరూ లేకపోయినా. ఆ తడికని ఆవిడ మనుషుల కోసం కట్టించుకున్నారు, పైనుంచి ఒకడు వస్తాడని కలలో కూడా అనుకుని ఉండరు. చెయ్యి తీసేసరికి ఆకాశం గిరగిరా తిరుగుతోంది. ఆకులు, మట్టలు, ఆకాశం, మట్టలు. అప్పుడు ఉడతగారు కనిపించారు.

ఆయన మొహం తెర నిండా ఉంది. ఆయన కెమెరా వైపు చూడటం లేదు, కిందికి చూస్తున్నారు. ఒక క్షణం. తరవాత తలెత్తి దీనివైపు చూశారు. ఆ మొహంలో బెదురు లేదు. లెక్క చూసుకుంటున్న మొహం అది, గెల ఏవైపు నరకాలో చూసుకునేటప్పటి మొహం. చెట్టుని పట్టుకున్న కుడిచెయ్యి వదిలేశారు. ఆ చెయ్యి పెద్దదవుతూ వచ్చి తెరని కప్పేసింది. ఎర్రగా ఏదో చిందింది. కెమెరా విసురుగా కదిలి మట్టల మధ్య ఇరుక్కుని ఆగిపోయింది. ఆయన ఇంక కనిపించలేదు. ఆ మట్టల సందులోంచి సూటిగా కిందికి చూస్తే, చెట్టు మొదట్లో గుండ్రంగా పిల్లలు. పైకెత్తిన తలలు. పది పన్నెండు ఉంటాయి. వాళ్ళలో ఒక పిల్ల చేతులు రెండూ చాచి ఉంది, పైనుంచి పడేదేదో తనే పట్టుకోవాలని.

ఆయన బెదిరి చెయ్యి వదల్లేదు. తిరుగుతున్న రెక్కల్ని వట్టి చేత్తో పట్టుకుని మొవ్వులోకి కుక్కడానికి వదిలారు. నేను అన్న మాట ఒక్కొక్క అక్షరమే గుర్తొస్తోంది. బెదిరిపోయారండీ.

వెనకనుంచి బాబాయి కూడా చూశాడని ఆయన ఊపిరి వినిపించాక తెలిసింది. "ఆ ముక్క తీసెయ్యరా," అన్నాడు. "పెళ్ళి వీడియోలో నెత్తురేంటి?" అంటూ చూపు తప్పించాడు. ఈ సంగతి బయటపడితే ఇంక మాకెవరూ పెళ్ళిళ్ళు ఇవ్వరని ఆయన భయం, అది నాకు తెలుసు. మరునాడు పొద్దున్న నేను అదే కెమెరా జేబులో వేసుకుని ఉడతగారి ఇంటికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒక చేతికి పిండికట్టు, ఇంకో చేతికి గుడ్డలు. నన్ను చూసి లేవబోయారు. నేను చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. నేనే తిప్పానని, నేనే అబద్ధం చెప్పానని, ప్రెసిడెంటుగారితో ఫలానా మాట అన్నానని. కెమెరా వెనకున్న చిన్న తెర మీద ఆ ముక్క చూపించాను. ఆయన కళ్ళు చికిలించి చూశారు.

"ఇది మా ఇల్లేనండీ! ఇదుగోనండి, మూల పాక!" అన్నారు సంబరంగా.

"అది కాదండి, ఇక్కడ చూడండి. మీరు పిల్లల కోసం..."

"ఆయ్, మరి కింద పిల్లలున్నారు కదండీ," అన్నారు, అందులో చెప్పుకోవడానికేముందన్నట్టు. గొంతు తగ్గించారు. "బాబూ, తమరేమీ అనుకోకపోతే ఇది మాయావిడకి ఓసారి చూపెడతారేంటండి? తాగెక్కేనని నాలుగురోజుల్నించి అన్నం పడేసి ఎల్లిపోతందండి. నేను మానేసి ఆరేళ్ళయిందండి. ఊరోళ్ళు అన్నా పర్లేదు గానీ..."

ఆవిడ లోపల్నుంచి వచ్చి చూసింది. రెండోసారి కూడా చూసింది. నావైపు తిరిగి, "చేతిలో యంత్రం ఉంటే సరిపోద్దాండీ?" అంది. అంతే అంది. మా అమ్మ చెంపమీద కొట్టినా నాకంత తగిలేది కాదు. లోపలికెళ్ళి ఆయనకి కంచంలో అన్నం కలిపి తెచ్చి, పక్కన కూర్చుని ముద్దలు పెట్టడం మొదలెట్టింది. నేను అక్కడే నిలబడి ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఆ వారంలో మిక్సింగు చేశాను. ఒక ముక్క తీసేశాను, పెద్దావిడ పెరడుది. రెండోది ఉంచాను. గులాబీలు, నీటిబొట్లు ఏవీ పెట్టకుండా ఉన్నదున్నట్టు ఉంచాను. ప్రెసిడెంటుగారింట్లో చుట్టాలంతా టీవీ ముందు కూర్చున్నారు. ఆ భాగం దగ్గరపడుతుంటే నేను లేచి నిలబడి, "మీకు అబద్ధం చెప్పానండీ," అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను. ఈలోపు బొమ్మ వచ్చేసింది. చేతులు చాచిన ఆ పిల్ల కనిపించగానే మామ్మగారు ఒడిలో ఉన్న వక్కల పళ్ళెం కింద పెట్టేశారు. ఆ పిల్ల ఆవిడ మునిమనవరాలు.

"మళ్ళీ వెయ్యి," అన్నారు ప్రెసిడెంటుగారు. వేశాను. "మళ్ళీ." మూడోసారి అయ్యాక ఆయన చొక్కా తొడుక్కుని బయటికి నడిచారు. బండి తియ్యమని ఎవరికీ చెప్పలేదు. ఎండలో కాలినడకన ఉడతగారింటికి వెళ్ళి, అరుగు కింద నిలబడి, పదిమంది వింటుండగా, "తప్పు మాటన్నామండీ మిమ్మల్ని," అన్నారట. ఉడతగారు కంగారుపడి అరుగు మీదినుంచి లేవబోయి ఇంకో చెయ్యి కూడా విరగ్గొట్టుకోబోయారట. మరునాడు ప్రెసిడెంటుగారు నన్ను పిలిపించి నిదానంగా చెప్పారు. "ఆయన చెయ్యి బాగయ్యేదాకా వారంవారం ఆస్పత్రికి తీసుకెళ్ళే పని నీది."

అలా నాలుగు నెలలు బాబాయి స్కూటరు వెనక ఉడతగారిని ఎక్కించుకుని తిరిగాను. రెండు చేతులతో పట్టుకోవడం కుదరక మొదట్లో ఆయన నాకు ఆనుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. (అరవై అడుగుల చెట్టు మీద వెరవని మనిషి నా డ్రైవింగుకి దేవుళ్ళందరినీ పిలిచేవారు. తప్పు నాదే.) ఒకరోజు కాలవగట్టు మీద వస్తూ అడిగాను, రోజూ అంత పైనుంచి చూడటం ఎలా ఉంటుందని.

"అన్నీ కనపడతాయండీ," అన్నారు. "అందుకే ఎక్కేముందు ఓ కేకేత్తామండీ, చెట్టెక్కుతున్నానండోయ్ అని. పెరట్లో ఆడోళ్ళుంటారు, కింద పిల్లలుంటారు. కేకేసి, ఓ చుట్ట కాల్చినంతసేపు ఆగి, అప్పుడెక్కాలండి. ఎక్కినాక కూడా చెట్టునే చూసుకోవాలి గానీ పక్కకి చూడకూడదండి. మానాన్న నేర్పేడండి." తరవాత, "మీ మిషనుకి ఎవరూ నేర్పలేదు కదండీ పాపం," అన్నారు, దాని మీదే జాలిపడుతున్నట్టు.

ఆయన మళ్ళీ చెట్టెక్కారు, మరుసటి ఏడు. రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకునేవి కావు. బావ ఆ హెలికాప్టరుని తిరిగి మస్కట్ తీసుకెళ్ళలేదు. అడిగితే అసలు అది తనది కాదన్నట్టు చూశాడు. నేను మిగిలిపోయిన పేపరు రాసి పాసయ్యాను. ఉద్యోగం వచ్చింది, కెమెరాలతో సంబంధం లేనిది. ఉడతగారు ఇప్పుడు లేరు. ఆయన పోయినప్పుడు వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టి, తన తమ్ముడి వరసైన వాళ్ళెవరికో, "ఈ బాబేనండి స్కూటరు మీద తిప్పింది," అని చెప్పింది. హెలికాప్టరు మాట ఎత్తలేదు.

పోయిన మాఘంలో మా వీధిలో ఒక పెళ్ళికి వెళ్ళాం. డ్రోను లేచింది. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం చేతిలో విస్తరి పట్టుకునే లేచి నిలబడ్డాను. అది ఎటు పోతోంది, దాని కింద ఎవరున్నారు, గాలి ఎటునుంచి వీస్తోంది అని దిగేదాకా చూస్తూనే ఉన్నాను. కూర చల్లారిపోయింది. వారం తరవాత ఆ వీడియో మా ఫోన్లకి వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి ఫోను పట్టుకొచ్చి, "ఇదెవరండీ పాపం, నడినెత్తిన అప్పడమంత బోడి!" అంది. ఎవరో మగపెళ్ళివారి తరపు మనిషై ఉంటాడన్నాను. ఆవిడ బొమ్మని పెద్దది చేసింది. ఆ చొక్కా ఆవిడ కొన్నదే. ఇన్నేళ్ళలో నా నెత్తిని నేను చూసుకున్నది లేదు. ఆవిడ నవ్వుతూ వెళ్ళిపోయాక ఒక్కణ్ణే కూర్చుని ఆ ముక్క మళ్ళీ చూశాను. కెమెరా చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. అందరూ వంచిన తలలతో భోంచేస్తుంటే, మధ్యలో ఒక్కడు విస్తరి పక్కకి వంచేసి, పులుసు చొక్కా మీదికి కారుతున్నా తెలియకుండా, నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆ బట్టతలని నాదని ఒప్పుకోవడానికి నాకు ఇంకా మనసొప్పడం లేదు గానీ, ఆ మొహాన్ని మాత్రం చూడగానే గుర్తుపట్టాను. దానికింకా ఇరవైనాలుగేళ్ళే.